సిగ్నే పలకలు

చెర్రీ చెక్క ఎర్రగా ఉంటుందనుకునేవాడికి చెర్రీ అమ్మకూడదు. నలభై ఏళ్లు నేను అలాంటివాళ్లకే అమ్మాను. పట్నం నుంచి దంపతులు వచ్చేవారు. అప్పుడే చిత్రిక పట్టిన పలక చూపిస్తే ఆవిడ మూతి ముడిచేది. "ఇదేంటి, రోగం వచ్చినట్టు పాలిపోయి ఉంది? మాకు చెర్రీ కావాలి." ఇదేనమ్మా చెర్రీ, కొత్తలో గోధుమపిండిలో చిటికెడు గులాబీ రంగు కలిపినట్టు ఉంటుంది, వెలుతురు తగిలేకొద్దీ ముదురుతుంది, మూడేళ్లు ఆగితే నువ్వు అడుగుతున్న దానికన్నా మంచి రంగు దానంతట అదే తెచ్చుకుంటుంది అని చెప్పేవాణ్ణి. మూడేళ్లు ఆగే ఓపిక వాళ్లకు లేదు. డబ్బాలో దొరికే ఎర్ర రంగు పూయమనేవారు. చెర్రీకి ఆ రంగు పూస్తే ఒకచోట ఎక్కువ తాగుతుంది, ఒకచోట తక్కువ. గజ్జి పట్టిన కుక్క వీపులా తయారవుతుంది. పూయను, పొమ్మనేవాణ్ణి.

వాళ్లు కొండ దిగి నా బావమరిది రూబెన్ లిండ్ కొట్టుకు పోయేవారు. రూబెన్ పూసేవాడు. చెర్రీకి పూసేవాడు, మేపుల్‌కి పూసేవాడు, పాప్లర్‌కీ పూసేవాడు. ఆరాక మూడింటినీ చెర్రీ అనే అమ్మేవాడు. వాడి కొట్టు ముందుకు రెండు అద్దాల కిటికీలు వచ్చాయి. నా కొట్టు కొట్టంలాగే ఉండిపోయింది.

పట్నంవాళ్లని అని లాభం లేదు, వాళ్లకు తెలియదు. మా లోయలో మాత్రం చెర్రీ తెలియని మగవాడు లేడు. సగం మంది అడవిలో, సగం మంది సామిల్లులో. చెట్టుకి బెరడు మాడిన రొట్టె పెచ్చుల్లా లేస్తుంది. చిన్న కొమ్మ గీరి ముక్కు దగ్గర పెట్టుకుంటే చేదు బాదం వాసన. కోసిన పలకలో అక్కడక్కడ నల్లటి జిగురు గీతలు. రంపం ఒక్క క్షణం ఆగిందంటే అంచు మాడిపోతుంది. ఇవి మాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఒక్క గది బడిలో ఎనిమిదో తరగతి వరకు చదివాను. అక్కడ బల్లమీద పేరు చెక్కితే కొట్టేవారు, పేరు చెక్కినందుకు కాదు, చెర్రీ మీద చెక్కినందుకు. అలాంటి ఊరు మాది. మా చూపు మీద మాకు గర్వం ఎక్కువ.

సిగ్నే నా భార్య. రూబెన్‌కి అక్క. ముప్పై నాలుగేళ్లు నాతో కాపురం చేసింది. ఆమె పుట్టింటి పొలం హద్దులో ఒక పాత చెర్రీ చెట్టు ఉండేది. లోయంతా నరికిన రోజుల్లో దాన్ని వదిలేశారు, ఎందుకంటే ఆమె తండ్రి దాన్నే కంచె స్తంభంగా వాడుకున్నాడు. నాలుగు మేకులు కొట్టి ముళ్లతీగ బిగించాడు. ఏళ్లు గడిచి చెట్టు ఆ మేకుల్ని మింగేసి లావెక్కింది. ఒక నవంబరు గాలివానకి వేళ్లతో సహా పడిపోయింది.

దాన్ని మిల్లులో కోసింది ఆర్విడ్. నా వయసువాడు, గురువారం పేకాటకి మా ఇంటికొచ్చేవాడు. పొరల లోపల మేకు ఉందని ఎవరికీ గుర్తు లేదు. రంపం పళ్లు మూడు ఎగిరిపోయాయి. ఆర్విడ్ ముందు మేకుని తిట్టాడు, తరవాత చెట్టుని తిట్టాడు, చివరికి చచ్చిపోయిన మా మామని తిట్టాడు. ఏడు పలకలు వచ్చాయి. ఒక్కోటి పద్దెనిమిది అంగుళాల వెడల్పు. ఇప్పటి చెట్లలో అంత వెడల్పు రాదు. వాటిలో ఒకదాని మీద ఒక వరసలో నాలుగు మచ్చలు, ఒక్కొక్కటి బొటనవేలంత, సిరా ఒలికినట్టు నీలినలుపు. ఇనుము తగిలిన చోట చెర్రీ అలా అవుతుంది. ఎంత చిత్రిక పట్టినా పోదు.

సిగ్నే వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. "మా నాన్న చొక్కా గుండీలు," అంది.

అటక మీద పలకల మధ్య పుల్లలు పెట్టి పేరుస్తున్నాను. పట్నంలో ఒక బ్యాంకు మేనేజరు గిన్నెల బీరువా అడిగాడు, దానికి సరిగ్గా సరిపోతాయని పైకే కొలతలు గొణుక్కుంటున్నాను. సిగ్నే నిచ్చెన మీద నడుం దాకా ఎక్కి నిలబడింది.

"అవి నావి," అంది.

"నీవే. ఏం చేసుకుంటావు? ఉప్పులో ఊరేస్తావా?"

"ఎన్ని ఊళ్లకి బల్లలు చేసి పంపావు నువ్వు?"

"లెక్కపెట్టలేదు."

"నా వంటింట్లో ఏముంది? పైన్ బల్ల. దాని కాలు ఊగుతోందని పెళ్లయిన ఏడాది నుంచి మొత్తుకుంటున్నాను. కాఫీ పోస్తే సాసర్లోకి ఒలుకుతుంది."

"చేస్తాలే."

"నువ్వు చెయ్యవు హెల్మర్. నేను బతికుండగా చెయ్యవు. అందుకే చెప్తున్నా, నేను పోయాక నన్ను పూడ్చే పెట్టె వీటితో చెయ్యి. అప్పుడైతే తప్పించుకోలేవు కదా. రంగు పూశావంటే మాత్రం లేచొస్తా."

నవ్వాను. సరే అన్నాను. మీ నాన్నకి భూమి మీద కూడా ఇంత మమకారం లేదు, నీకు చెక్క మీద ఉంది అన్నాను. ఆమె నవ్వలేదు. "సరే అన్నావు. గుర్తుంచుకో," అని దిగిపోయింది.

పదకొండేళ్లు ఆ పలకలు అటక మీద ఆరాయి. అంగుళం మందానికి ఏడాది చాలు. ఏటా చలికాలం ముందు ఆమె నిచ్చెన ఎక్కి ఏడూ ఉన్నాయో లేదో చూసుకుని దిగేది. నేను అమ్ముకుంటానని ఆమె అనుమానం. అనుమానపడడానికి ఆమెకు కారణాలు ఉన్నాయి.

ఫిబ్రవరిలో జ్వరం వచ్చింది. పది రోజుల్లో ఊపిరితిత్తుల్లోకి దిగింది. అదే వారంలో చిత్రిక యంత్రం నా కుడిచేతి రెండు వేళ్ల కొసలు తీసుకుపోయింది. ఆమె పోయిన రోజుకి నా చెయ్యి మణికట్టు దాకా గుడ్డల మూట. రూబెన్ ట్రక్కు వేసుకుని వచ్చాడు. మంచులో టోపీ తీసి నిలబడ్డాడు.

"బావా, నా అక్క. పెట్టె నేను చేస్తాను. నువ్వు కూర్చో."

"అటక మీద పలకలు ఉన్నాయి. ఏడు. ఆమె అడిగింది."

"నాకు తెలుసు బావా. నాకూ చెప్పింది."

వాడే ఎక్కి దించుకున్నాడు. ఏడూ తీసుకుపోయాడు. మూడో రోజు పెట్టె వచ్చింది. ముదురెర్రగా, ముఖం కనపడేంత మెరుపుతో ఉంది. ఆరుగురం మోశాం. ముందు కుడి మూల నాది, మంచి చేత్తో పట్టుకున్నాను. వెనక ఆర్విడ్. గుడి నుంచి గోతి దాకా నూట అరవై అడుగులు. అంతసేపూ ఆ పెట్టె నా గడ్డానికి జానెడు దూరంలో ఉంది. చూశాను. చూసి ఏమీ గ్రహించలేదు.

గోతి పూడ్చాక రూబెన్ నా జేబులో ఒక చిన్న పెట్టె పెట్టాడు. అరచేయంత ఉంది. అదీ ఎర్రగా, మెరుస్తూ. "మిగిలిన ముక్కతో చేశాను బావా. గుర్తుగా ఉంటుంది." వంటింటి కిటికీ గట్టు మీద పెట్టి, దానిమీద ఆమె కళ్లద్దాలు పెట్టాను. ఆ తరవాత ముట్టుకోలేదు.

ఆ తరవాత మనుషులు రావడం మానేశారు. మా ఊళ్లో భార్య పోయినవాడికి కనీసం నెల రోజులు ఎవరో ఒకరు యాలకుల రొట్టె, బంగాళాదుంప సాసేజ్ తెచ్చి పెడతారు. నాకు ఐదు రోజులు తెచ్చారు. ఆదివారం ప్రార్థన అయ్యాక గుళ్లో ఇచ్చే కాఫీ దగ్గర నేను వెళ్లి కూర్చుంటే పక్కవాడికి ఇంకేదో పని గుర్తొచ్చేది. ఆర్విడ్ గురువారాలు మానేశాడు. ఒంటరి మగవాణ్ణి చూస్తే వీళ్లకి భయం, ఎక్కడ మీద పడి ఏడుస్తాడో అని. ఇంతే వీళ్ల మంచితనం, ఐదు రొట్టెలంత అనుకున్నాను. పిలవడం నేనూ మానేశాను.

జూన్‌లో గుడికి డెబ్బై ఐదేళ్లు నిండాయి. రూబెన్ కొత్త పూజాబల్ల కానుక ఇచ్చాడు. పాస్టరు హోమ్‌క్విస్ట్ ప్రసంగంలో వాడి పేరు నాలుగుసార్లు వచ్చింది. బల్ల ముందు ఇత్తడి రేకు మీద ఐదోసారి ఉంది. నేను ఆఖరి వరసలో కూర్చున్నాను. మధ్యలో తెల్ల గుడ్డ, గుడ్డ మీద శిలువ, కొవ్వొత్తులు. దూరం నుంచి కాళ్లు మాత్రమే కనపడ్డాయి. రంగు పూయలేదు, ఉత్త నూనె పట్టించాడు. వీడికి కూడా ఎప్పుడో ఒకప్పుడు బుద్ధొస్తుంది కాబోలు అనుకుని ఇంటికొచ్చేశాను.

సెప్టెంబరు ఆఖరులో, చలి లోపలికి రాకుండా కిటికీకి రెండో వరస అద్దాలు బిగిస్తూ గట్టు ఖాళీ చేశాను. కళ్లద్దాలు తీశాను.

ఏడు నెలలు ఆ గట్టు మీదికి పొద్దుటి ఎండ పడుతూనే ఉంది. పెట్టె చెర్రీది అయితే ఎండ పడిన చోట ముదరాలి, అద్దాల ఫ్రేము కింద మాత్రం లేతగా ఉండాలి. మా లోయలో పిల్లలు కొత్త చెర్రీ ముక్క మీద ఆకు పెట్టి పది రోజులు ఎండలో ఉంచి ఆకు బొమ్మ చేసుకుంటారు. ఇక్కడ తలకిందులుగా ఉంది. రెండు గుండ్రటి చట్రాల కింద, కాడల కింద ముదురెరుపు. చుట్టూ అంతా వెలిసిపోయి, తుప్పు నీళ్లు కారినట్టు ఉంది. చెక్క ఎండకి ముదురుతుంది. డబ్బా రంగు ఎండకి వెలుస్తుంది.

కత్తి తీసి అడుగున గీరాను. ఎరుపు కింద తెలుపు. ఇంకొంచెం గీరితే లేత ఆకుపచ్చ. అది పాప్లర్. పంది దొడ్డికి కొట్టే చెక్క.

కుర్చీలో కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. పెట్టెకి కాదు నేను ఆశ్చర్యపోయింది. ఆ రోజు నా గడ్డం కింద మూడు రోజుల వయసున్న పెట్టె ముదురెర్రగా ఉంది. మూడు రోజుల చెర్రీ ముదురెర్రగా ఉండదు. ఈ ముక్క చెప్పి నలభై ఏళ్లు పట్నంవాళ్లని గుమ్మంలోంచి పంపేశాను. నా భార్య పెట్టె దగ్గరికి వచ్చేసరికి పట్నంవాడిలాగే నిలబడి, ఆ ఎరుపు చూసి, సరే అని మోశాను.

చిన్న పెట్టె జేబులో వేసుకుని మిల్లుకి వెళ్లాను. ఆర్విడ్ దుంగల దగ్గర ఉన్నాడు. నన్ను చూసి దుంగ వైపు తిరిగాడు.

"ఆర్విడ్, ఇదేం చెక్క?"

తీసుకుని, గీరిన చోట చూడనైనా చూడకుండా తిరిగిచ్చేశాడు. "నీకు తెలియదా ఏంటి?"

"అడుగుతున్నా, చెప్పు."

"పాప్లర్. ఇప్పుడెందుకు ఇదంతా?"

"ఆమె పెట్టె కూడా ఇదే."

"అవును." చేతులు దులుపుకున్నాడు. "మోసినవాళ్లం మేమే కదా. చెర్రీ తూకం తెలియదా మాకు? పాప్లర్ తేలిక. గుడి మెట్లు దిగేలోపే తెలిసిపోయింది. అవతలి మూల మోస్తున్న గునార్ నా వంక చూశాడు, నేను వాడి వంక చూశాను."

"మరి చెప్పలేదేం?"

"ఎవరికి? నీకా?" ఆర్విడ్ నవ్వాడు. మంచి నవ్వు కాదది. "హెల్మర్‌కి చెక్క గురించి చెప్పే మొనగాడు ఎవడున్నాడ్రా ఈ లోయలో? తెలిసే చేశావనుకున్నాం. రూబెన్ అందరికీ చెప్పాడు, పలకలు బావ నాకిచ్చేశాడు, గుడి బల్లకి అని. ఎంతకి అమ్ముకున్నావో అని మిల్లులో పందేలు కూడా వేసుకున్నారు."

"నేను అమ్ముకున్నానని నువ్వూ అనుకున్నావు."

"మేనేజరు బీరువాకి నువ్వు కొలతలు వేసుకున్న సంగతి సిగ్నే నాకు చెప్పింది," అన్నాడు. "ఎప్పుడో. ఏడుస్తూ."

ఏడు నెలలు నేను వీళ్లని అసహ్యించుకున్నాను, వీళ్లు నన్ను అసహ్యించుకున్నారు. వాళ్ల కారణం నా కారణం కన్నా గట్టిది.

"ఆదివారం గుళ్లో నాకు ఒక చెయ్యి కావాలి," అన్నాను. "బల్ల తిరగెయ్యడానికి. నాకున్నది ఒకటిన్నరే."

ఆర్విడ్ దుంగ వదిలి నా వైపు తిరిగాడు. "అమ్ముకోలేదా?"

"వస్తావా, రావా?"

ఆదివారం ఆఖరి పాట అయిపోయింది. జనం కాఫీకి కిందికి దిగబోతూ కోట్లు వెతుక్కుంటున్నారు. నేను నడవాలోంచి ముందుకి నడిచాను. శిలువ తీసి నేలమీద పెట్టాను. కొవ్వొత్తులు తీశాను.

పాస్టరు పరుగెత్తుకొచ్చాడు. "హెల్మర్ గారూ, హెల్మర్ గారూ, ఏంటండీ ఇది?"

"బట్ట ఉతకాలి."

"అది టెక్లమ్మ గారు చూసుకుంటారు కదండీ."

టెక్లా పిన్ని సిగ్నేకి తల్లి చెల్లెలు. ఎనభై ఒకటి. గుడి గుడ్డలు ముప్పై ఏళ్లుగా ఆమే ఉతుకుతుంది. మొదటి వరసలోంచి లేవకుండానే అంది: "ఉతకనివ్వవయ్యా. జీవితంలో మొదటిసారి ఒక పని అడుగుతున్నాడు."

గుడ్డ లాగేశాను. దక్షిణం వైపు కిటికీల వెలుతురు మూడు నెలలుగా ఆ బల్ల మీద పడుతోంది. రెండు పక్కలా పలక ముదిరి తేనె రంగుకి తిరిగింది. గుడ్డ ఉన్న మధ్యపట్టీ అప్పుడే చిత్రిక పట్టినంత లేతగా ఉంది. కోటు గుండీలు పెట్టుకుంటున్నవాళ్లు ఆగిపోయారు. దాని అర్థం ఈ ఊళ్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. అయినా చెప్పాను.

"ఇది చెర్రీ. రూబెన్, ఈ వెడల్పు ఎక్కడ దొరికింది నీకు?"

రూబెన్ మూడో వరసలో ఉన్నాడు. మంచి ఉన్ని సూటు. "నువ్విచ్చినవే కదా బావా."

"నేనిచ్చింది మీ అక్క పెట్టెకి."

"గుళ్లో గొడవ వద్దు బావా. ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"ఆర్విడ్," అన్నాను.

ఇద్దరం తిరగేశాం. గునార్ కూడా వచ్చి ఒక కాలు పట్టుకున్నాడు. రూబెన్ అలవాటు నాకు తెలుసు. కొనేవాడికి కనపడని వైపు చిత్రిక పట్టడు. అడుగు భాగం మిల్లు రంపం గీతలతో అలాగే ఉంది. ఒక పలక మీద ఆ గీతల మధ్య ఒక వరసలో నాలుగు, నీలినలుపు.

టెక్లా పిన్ని లేచింది. రెండు కర్రల మీద వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని, వంగి, ఒక్కొక్కదాన్నీ వేలితో తాకింది.

"మా బావ కొట్టిన మేకులివి. నేను మేకులు అందించాను, పన్నెండేళ్లు నాకు. నాలుగోది వంకరపోతే నన్ను తిట్టాడు." తిరిగి చూసింది. "రూబెన్, ఇలా రా."

"పిన్నీ, నేను చెప్పేది విను..."

"ఇక్కడికొచ్చి చెప్పు. నాకు వినపడదు."

రూబెన్ వచ్చాడు. ముఖం ఎర్రబడింది. ఆ ఎరుపు మటుకు అసలైనదే. ముందు చేతులు జోడించబోయాడు, తరవాత వాడికి కోపం వచ్చింది.

"అవును. పెట్టె పాప్లర్‌తో చేశాను. ఏం చెయ్యమంటారు? పద్దెనిమిది అంగుళాల పలకలు, ఒక్క ముడి లేదు, పదకొండేళ్లు ఆరినవి. వాటిని ఆరడుగుల గోతిలో పెట్టి పురుగులకి వెయ్యాలా? ఇక్కడైతే వందేళ్లు ఉంటుంది. మా నాన్న చెట్టు. నాకు మాత్రం హక్కు లేదా?"

"ఉంటే ఆమె బతికుండగా అడగాల్సింది," అన్నాను. "అక్కకి రంగు పూశావు. బల్లకి పూయలేదు."

"పూస్తే పాడైపోయేది," అన్నాడు. నోట్లోంచి వచ్చేసింది. ఎవరో వెనక దగ్గారు.

రూబెన్ నా వైపు తిరిగాడు. "నువ్వు నన్నంటావా బావా? ముందు కుడి మూల మోసింది ఎవరు? నీ ముక్కు కింద ఉంది ఆ పెట్టె. చెర్రీ పండితుడివి కదా నువ్వు, పట్నంవాళ్లని గుమ్మం ఎక్కనివ్వవు కదా. గుర్తుపడతావని భయపడి చచ్చాను. నువ్వు చూస్తూ నించున్నావు. అప్పుడు అర్థమైంది నాకు, ఈయనకి కూడా కావలసింది మెరుపే అని."

వాడు చెప్పింది నిజం. ఆ గుళ్లో ఆ రోజు వాడు చెప్పిన ఒకే ఒక్క నిజం అది.

"అవును," అన్నాను. "నేను చూడలేదు. అందుకు నువ్వు దొంగవి కాకుండా పోవు."

పాస్టరు గొంతు సవరించుకున్నాడు. "హెల్మర్ గారూ, మీ బాధ మాకు అర్థమవుతుంది. కానీ బల్ల దేవుడికి సమర్పించినది. పోనీ, ఆ ఇత్తడి రేకు మార్చి సిగ్నే గారి పేరు వేయిద్దాం. ఆమె జ్ఞాపకం ఎల్లకాలం మన కళ్ల ముందుంటుంది."

"ఆమె కళ్ల ముందుంచమని అడగలేదు. తనతో పంపమని అడిగింది."

"కానీ ఇప్పుడు ఎలా..."

"ఏమయ్యా పాస్టరూ," అంది టెక్లా పిన్ని, "దేవుడికి బల్ల కావాలంటే ఈ లోయనిండా చెట్లు ఆయనవే. మా అమ్మాయికి ఉన్నది ఒక్కటే. దాన్ని తీసుకుపోనీ."

గుడి పెద్దలు ముగ్గురు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఫిబ్రవరిలో పెట్టె మోసినవాళ్లు. తూకం తెలిసి నోరు మూసుకున్నవాళ్లు. వద్దనడానికి వాళ్లకి నోరు రాలేదు.

బల్లని కొట్టానికి తెచ్చి విప్పాను. గంట పట్టలేదు. రూబెన్ చెక్కలో చెక్క దూరేలా కుసులు కోసి కూర్చలేదు, మూలమూలకీ మర మేకులు బిగించాడు, పైన చెక్క బిళ్లలు అంటించి దాచాడు. నేను చేసిన బల్ల అయితే విప్పడానికి రెండు రోజులు పట్టేది, అప్పుడు కూడా విరిగేదేమో. ఇత్తడి రేకు ఊడదీసి వాడి కొట్టుకి టపాలో పంపాను.

శనివారం పొద్దున పార, గడ్డపార తీసుకుని స్మశానానికి వెళ్లాను. ఒకటిన్నర చేత్తో ఎంత తవ్వగలనో అంత తవ్వాను. అడుగు లోతు కూడా దిగకముందే ఆర్విడ్, గునార్, పెద్దలిద్దరూ పారలతో వచ్చారు. నేను పిలవలేదు. థాంక్స్ చెప్పలేదు. నాలుగడుగులు దిగాక ఆపేయమన్నాను. దాని కింద పాప్లర్ పెట్టె ఉంది. దాన్ని మళ్లీ చూడవలసిన పని నాకు లేదు.

పలకలు ఒక్కొక్కటీ దింపాం. పై బల్ల పలకలు రెండూ పక్కపక్కన, కాళ్లు, పట్టీలు అన్నీ. ఒక్క ముక్క బయట ఉంచలేదు. గుండీలున్న పలకని గుండీల వైపు కిందికి పెట్టాను. గునార్ ఆ పలక అంచు మీద అరచేయి ఒకసారి రాసి వదిలాడు. అలాంటి పలకని మట్టిలో పెట్టడం చెక్క పని చేసేవాడికి కష్టం. ఆ కష్టం వాళ్లకి కలగాలనే నేను వాళ్లని వెళ్లిపొమ్మనలేదు.

రూబెన్ కంచె బయట నిలబడ్డాడు, టోపీ చేతిలో పట్టుకుని. లోపలికి రాలేదు. మొదటి పార మట్టి పలకల మీద పడిన చప్పుడుకి ఉండబట్టలేకపోయాడు.

"బావా! అంత వెడల్పు మళ్లీ ఈ లోయలో పుట్టదు. మట్టిలోనా?"

"ఓ మూడేళ్లు ఆగు," అన్నాను. "నీ రంగు కన్నా బాగుంటుంది."

ఆర్విడ్ నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. రూబెన్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. వాడు నా గుమ్మం మళ్లీ తొక్కలేదు. తొక్కినా తలుపు తీయను. వాడి అక్క పేరు చెప్పినా తీయను.

గుళ్లో ఇప్పుడు మడత బల్ల మీద గుడ్డ పరిచి కానిస్తున్నారు. కొత్తది చేసి పెట్టమని పాస్టరు రెండుసార్లు వచ్చాడు. పైన్‌తో చేస్తానన్నాను. ఆయన ఆలోచించి చెప్తానన్నాడు. ఇంకా ఆలోచిస్తున్నాడు.

పలకలు పూడ్చిన తరవాతి గురువారం ఆర్విడ్ పేక ముక్కలు తీసుకుని వచ్చాడు. ఏమీ జరగనట్టు కోటు తగిలించి, వంటింట్లో కూర్చున్నాడు. వాడు నా గురించి నమ్మింది నేను మరిచిపోలేదు. అలా నమ్మడానికి వాడికి సందు ఇచ్చింది ఎవరో కూడా మరిచిపోలేదు. కాఫీ పోశాను. వాడు ముక్కలు పంచుతూ మోచెయ్యి ఆనించాడు, కాఫీ సాసర్లోకి ఒలికింది.

"హెల్మర్, ఈ బల్ల కాలు ఊగుతోంది."

"తెలుసు."

లేచి కిటికీ గట్టు మీంచి ఆ ఎర్ర పెట్టె తీశాను. కళ్లద్దాలు పక్కన పెట్టి, పెట్టె మూతని ఉలితో రెండుగా చీల్చాను. ఒక ముక్కని వాలుగా చెక్కి, మోకాళ్ల మీద కూర్చుని కాలు కింద దిగ్గొట్టాను. చేత్తో నొక్కి చూశాను. కదల్లేదు. రెండు నిమిషాల పని.

"ఆడు," అన్నాను.